మోగిన రాయిని నమ్మినందుకు

నేను రెండు వేసవులు నడిచే కొండ మీద ఉద్యోగం చేశాను. చిట్యాల బస్టాండులో చాయ్ తాగుతూ ఈ మాట అంటే చాలు, కుర్రాళ్లు ఫోన్లు జేబులో పెట్టుకుని దగ్గరికి జరుగుతారు. అప్పుడు కొండ ఎత్తు ఇరవై వేల అడుగులంటాను. చలికి నా మీసం విరిగి చేతిలో పడిందంటాను. రాళ్ల కింద నుంచి ఒక చచ్చిన మనిషి మమ్మల్ని పిలిచాడంటాను.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనక కొంచెం తగ్గిస్తాను. ఎత్తు అంత లేదు. మీసం విరగలేదు, దాని మీద పేరుకున్న మంచు విరిగింది. మూడోదాన్ని మాత్రం ఎంత తగ్గించాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను భూపాలపల్లి బొగ్గు గనిలో సర్వే పని చేసినవాణ్ణి. మా దగ్గర గనిని బాయి అంటారు. కింద బొగ్గు తీసేశాక పైన నేల మెల్లగా దిగుతుంది. పత్తి చేను ఒక పక్కకు ఒరుగుతుంది. బోరులో నీళ్లు ఎటో పోతాయి. ఇంటి గోడకు చీమ దూరేంత సందు పడి, మరుసటి ఏటికి అందులో బల్లి కాపురం పెడుతుంది. ఆ దిగుడును కొలవడమే నా ఉద్యోగం. కంటికి కనబడనిదాన్ని ఓపికగా కొలవడం తప్ప నాకింకే విద్యా రాదు.

హైదరాబాదులో ఒక కార్యాలయం వారికి హిమాలయాల్లో నెమ్మదిగా జారే నేలను కొలిచే మనుషులు కావలసి వచ్చారు. దిగేదాన్ని కొలిచినవాడు జారేదాన్ని కొలవలేడా అనుకుని నన్ను డెప్యుటేషన్ మీద తీసుకున్నారు. దేశమంతా గాలించి నన్నే ఎంచుకున్నారని ఇంట్లో చెప్పాను. నిజానికి నాకన్నా ముందు ఇద్దరిని అడిగారు. ఇద్దరూ చలి అన్నారు.

మొదటి వేసవి మేం ముగ్గురమే వెళ్లాం. పేర్లతో కాక ఊళ్లతో పిలుచుకునేవాళ్లం. జట్టు పెద్ద జనగామ ఆయన. ఉపగ్రహం తీసిన బొమ్మల మీద గీతలు గీసి పటాలు తయారుచేయడంలో తల నెరిసినవాడు, నాకన్నా రెండేళ్లు పెద్ద. డ్రిల్లింగు చేసే కుర్రాడిది మహబూబాబాద్, అంటే మా నోట మానుకోట. వాడు కూడా నాతోపాటు బాయి నుంచి వచ్చినవాడే. నేను చిట్యాల. పేరు పెట్టి పిలిస్తే ఎవరో ఆఫీసరు వచ్చాడేమోనని ముగ్గురం ఉలిక్కిపడేవాళ్లం.

మా పని ఏమిటో జనగామ అన్న మొదటి రోజే ఒక బొమ్మ చూపించి చెప్పాడు. పై నుంచి తీసిన బొమ్మలో కొండ ఒడిలో ఏదో ఒలికి, ముడతలు ముడతలుగా కిందికి జారినట్టుంది.

"గిదేంది తమ్మీ, చెప్పు" అన్నాడు మానుకోటతో.

"జొన్న గటక ఒలికినట్లున్నదే" అన్నాడు వాడు.

"గంతే. గటక గాదు, రాళ్లు. పైకి జూస్తే క్వారీ కాడ పారబోసిన రాళ్లగుట్ట లెక్కుంటది. లోపల మంచు. ఏండ్ల తరబడి కరగకుండ నేలల్నే గడ్డకట్టుకొని ఉన్న మంచు. ఆ మంచు మెల్లగ జారుతాంటే పైన రాళ్లన్ని దాని మీద సవారి జేస్తయి. గిసొంటియి ఎన్నున్నయి, ఏది జారుతున్నది, ఏది ఆగిపోయింది, గది పటం గియ్యాలె మనం."

దీన్ని పుస్తకాల్లో రాతి హిమానీనదం అంటారు. తెల్లగా మెరిసే మంచు నదిని ఎవరైనా గుర్తుపడతారు. ఇది అలా కాదు. బూడిద రంగు రాళ్ల దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటుంది. దాని మీద నిలబడి కూడా దాన్ని వెతుక్కోవచ్చు.

మేం కొలవాల్సిన గుట్ట కింద ఏటి ఒడ్డున నాలుగైదు ఇళ్ల పల్లె ఉంది. అన్నిటికన్నా పైన, గుట్ట ముక్కు, అంటే దాని ముందు అంచు కిందే, ఒక ఆడమనిషి ఇల్లు. ఆమె మాకు వంట చేసేది. ఆమెకు పదేళ్లలోపు కూతురు. ముగ్గురం ఆమెను అక్కా అని పిలిచేవాళ్లం, ఆ మాటకు ఆమె త్వరలోనే పలకడం నేర్చుకుంది. ఆమె హిందీ, మా హిందీ రెండూ కుంటుకుంటూ నడిచేవి గనక ఆమె మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తాను. గుట్ట జారుతోందని మేం తేలిస్తే ఆ ఇళ్లవాళ్లకు ఏటికి అవతలి గట్టున స్థలం ఇస్తామని అక్కడి అధికారులు మాట ఇచ్చారు. తేల్చకపోతే ఎక్కడివాళ్లు అక్కడే. కాబట్టి మా కొలత మీద ఆమె ఇల్లు ఆధారపడి ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఎసట్లో ఉప్పు వేస్తూ రోజూ అడిగేది: "మీ కొండ కదిలిందా?"

ఇక మేం చేసిన తప్పు. అలాంటి తప్పు చేయాలంటే బాయిలో పని చేసి ఉండాలి.

బాయిలో మా కొలతకు ఆధారమైన గుర్తులు నేల మీద ఉండవు. నేల మీద బండ్లు తిరుగుతాయి, నీళ్లు పారతాయి. అందుకని నెత్తి మీది కప్పుకు మేకు కొట్టి, దానికి తాడు వేలాడదీసి కొలుస్తాం. మేకు కొట్టే ముందు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి చూస్తాం. కణకణ మోగితే గట్టి రాయి, నమ్మొచ్చు. బొదబొదమంటే లోపల వీగిపోయింది, దాని కింద నిలబడకూడదు. కొత్తగా చేరినవాడికి జట్టును నడిపే సర్దారు నేర్పే మొదటి చదువు ఇదే. ఏళ్లు గడిచేసరికి ఇది చెవిలోంచి ఎముకల్లోకి దిగిపోతుంది. పెళ్లిచూపులకు వెళ్లినా గోడ కొట్టి చూస్తాం.

గుట్ట మీద మా జీపీఎస్‌కు ఒక ఆధారం కావాలి. అది కదలకుండా ఉంటేనే దాని నుంచి మిగతావాటి దూరం లెక్క. నేనూ మానుకోటా కడ్డీ పట్టుకుని రాళ్లు కొట్టుకుంటూ తిరిగాం. ఇల్లంత పెద్ద బండ ఒకటి కనబడింది. కొట్టాం. గుడి గంటలా మోగింది. ఆ మోత కొండ ఒడి అంతా తిరిగి, చాలాసేపటికి గానీ చల్లారలేదు.

"అన్నా, గిసొంటి రాయి మన బాయిల ఒక్కటున్నా ఎవ్వడు చచ్చేటోడు గాదు" అన్నాడు మానుకోట.

జనగామ అన్న బండ చుట్టూ ఒకసారి తిరిగాడు. "కొండ ఎముకనే ఇది. కొట్టుండ్రి" అన్నాడు.

దాని మీద స్టీలు గుర్తు దిగ్గొట్టాం. దాని నుంచి గుట్ట మీది రాళ్లకు, పల్లెలో వంతెనకు, బౌద్ధుల స్తూపానికి, అక్క ఇంటి గడపకు కొలతలు తీసి పెట్టుకున్నాం.

గుట్ట ఊపిరి విడుస్తుందని మాకు తెలిసింది ఆ తర్వాతే. ఎండ మండుతుంటే రాళ్ల సందుల్లోంచి చల్లటి గాలి సన్నగా వచ్చి పాదాలకు తగిలేది. ఎవరో కింద పడుకుని నిదానంగా నిట్టూర్చినట్టుండేది. బాయిలో మూసేసిన పాత సొరంగపు గల్లీ నుంచి గాలి వచ్చిందంటే మేం చేతిలో పని వదిలి పారిపోతాం, అందులో ఏం విషముందో తెలియదు గనక. మానుకోట దేవుడికని తెచ్చుకున్న అగరుబత్తి వెలిగించి సందు దగ్గర పెట్టాడు. పొగ లోపలికి పోలేదు. వెనక్కి, వాడి ముఖం మీదికి వచ్చింది. ఎవరో ఊదినట్టే.

"ఇంటికి పోదాం పా అన్నా" అన్నాడు మెల్లగా.

"జీతం ఆఫీసోళ్లిస్తున్నరు, మన ఊపిరి గూడ వాళ్లదే" అన్నాను. ధైర్యంగా అన్నానని చెప్తుంటాను. నేను అప్పటికే పక్క రాయి మీదికి ఎక్కి నిలబడ్డాను.

ఒక పూట ఎండ నడినెత్తికి వచ్చాక చప్పుడు వినబడింది. కింద నుంచి. టక్. ఆగింది. మళ్లీ టక్. రాయి మీద రాయితో కొట్టినట్టు.

ఇక్కడ మా బాయి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. కప్పు కూలి దారి మూసుకుపోతే, అవతల చిక్కుకున్నవాళ్లు బొగ్గు బండ్ల పట్టా మీదనో పైపు మీదనో కొడతారు. విన్నవాడు తప్పకుండా తిరిగి కొట్టాలి. విన్నాం, ఇక్కడే ఉన్నాం అని దాని అర్థం. విని కూడా కొట్టకుండా పోయినవాడితో మా దగ్గర ఎవరూ డబ్బా విప్పి అన్నం తినరు.

మానుకోట నా వైపు చూశాడు. "ఇన్నవా?"

"మంచు కరిగి నీళ్లు పోతున్నయి రా."

"నీళ్లు గిట్ల ఆగి ఆగి కొడ్తయా అన్నా?"

కడ్డీ తీసుకుని బండ మీద మూడుసార్లు కొట్టాడు. అప్పుడే మా అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని పైకి వచ్చిన అక్క, గిన్నె దించకుండా అలాగే నిలబడిపోయింది. గాలి కూడా ఆగింది. కాసేపటికి కింద నుంచి, టక్. టక్.

మూడుకు మూడు తిరిగి వచ్చాయని బస్టాండులో చెప్తాను. వచ్చింది రెండే. అదీ చాలా ఆలస్యంగా.

జనగామ అన్న విసుక్కున్నాడు. "మీరు బాయిలకెల్లి బయటికొచ్చిన్లు గని బాయి మీలకెల్లి బయటికి పోలే. కూసోండ్రి, తినుండ్రి."

అక్క గిన్నె దించి వడ్డించింది. మానుకోట పళ్లెంలో కూర వేస్తూ, "ఎందుకు కొట్టావు?" అని అడిగింది. వాడు తనకు వచ్చిన హిందీలో ఆనవాయితీ చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది. మూడు నాలుగేళ్ల కింద తన భర్త తప్పిపోయిన యాక్‌ను వెతుక్కుంటూ ఈ రాళ్ల మీదికి వచ్చాడనీ, అదే పూట మంచు కురిసిందనీ, యాక్ తిరిగి వచ్చిందనీ చెప్పింది. మనిషి దొరకలేదు. చెప్తున్నప్పుడు ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. పళ్లేలు తీసుకుని దిగిపోయింది. ఆ రోజు నుంచి అన్నం తెచ్చినప్పుడల్లా కాసేపు బండకు ఆనుకుని కూర్చునేది.

ఎండలు తగ్గే ముందు గుట్ట మీది రాళ్లను మళ్లీ కొలిచాం. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పల్లెలోనివి కొలిచేలోపే తొందరపడి మంచు పడింది. పోనీలే, ఊరు ఎక్కడికి పోతుంది అనుకున్నాం. గుట్ట కదలడం లేదు, కింది ఇళ్లకు ఇప్పట్లో భయం లేదు అని జనగామ అన్న రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. అవతలి గట్టు స్థలం మాట అంతటితో ఆగిపోయింది.

చలికాలం ఇంటికొచ్చి కొండను మేకు కొట్టి కట్టేసి వచ్చానని చెప్పుకున్నాను. పక్కనున్న టేకుమట్ల నుంచి కూడా వచ్చి విన్నారు. ఒకాయన పెళ్లి భోజనాల్లో తన పక్కన చోటు చూపించి కూర్చోబెట్టుకున్నాడు.

రెండో వేసవి మాతో ఒక మేడమ్ వచ్చింది. కోస్తా వైపు అమ్మాయి, మంచు నేలల మీద పరిశోధన చేసి వచ్చింది. మొదటి రెండు రోజులు మానుకోట "గిట్ల", "గట్ల" అంటే ఆమె పెదవి బిగబట్టి నవ్వు ఆపుకునేది. మూడో రోజు వాడు చాయ్ గ్లాసు అందిస్తూ, "ఏవండీ మేడమ్ గారండీ, చాయండీ, వేడండీ" అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది. తర్వాత ఎవరి మాట వారు మాట్లాడుకున్నాం.

యంత్రం మళ్లీ మోగే బండ మీదే పెట్టాం. గుట్ట మీది రాళ్లు నిరుటి చోటే ఉన్నాయి. ఆ తర్వాత పల్లెలోకి దిగాను.

వంతెన కొలిచాను. మూరెడు జరిగింది. నా పొరపాటే అనుకుని మళ్లీ కొలిచాను. మూరెడే. స్తూపం కొలిచాను, అదీ మూరెడు. అక్క ఇంటి గడప కొలిచాను. గడప కూడా అంతే. అన్నీ ఒకే వైపు. గుట్ట వైపు.

"మిషన్ ఖరాబైంది" అన్నాడు జనగామ అన్న. రెండో యంత్రం తీశాం. అదీ అదే చెప్పింది.

మీరు ఎప్పుడైనా పట్టపగలు భయపడ్డారా? ఆ మధ్యాహ్నం నేను బండ మీద నిలబడి కిందికి చూశాను. ఎండలో నాలుగైదు ఇళ్లు, పొయ్యి పొగ, ఆరేసిన ఉన్ని. అన్నీ మామూలుగా ఉన్నాయి. అన్నీ నా వైపే ముఖం పెట్టి ఉన్నాయి. నేను చూస్తున్నానని తెలిసి కదలకుండా నిలబడ్డట్టున్నాయి. కళ్లు తిప్పుకుంటే మళ్లీ ఒక అడుగు వేస్తాయేమో అనిపించింది. పాదాల కింద సందులోంచి చల్లటి ఊపిరి వస్తూనే ఉంది.

భయం వేస్తే నాకు నోరు ఊరుకోదు. సాయంత్రం వంట దగ్గర కూర్చుని, "అక్కా, మీ ఇల్లు నిరుటి నుంచి మూరెడు నడిచింది. గొర్రెలను కట్టేసినట్టు దాన్ని కూడా కట్టేసుకో" అన్నాను.

పిండి పిసికే చేతులు ఆగాయి. "ఎటు?" అంది.

గుట్ట వైపు చూపించాను. నవ్వుతుందనుకున్నాను. తల ఊపి మళ్లీ పిండి పిసికింది.

రెండు రోజుల తర్వాత మానుకోట రొప్పుకుంటూ వచ్చాడు. వాడికి నా మీద అంత కోపం రావడం అదే మొదలు.

"ఏం జెప్పినవ్ అన్నా అక్కకు?"

"ఏం జెప్పిన?"

"ఏటి అవతలికెల్లి వాళ్ల అన్న వచ్చిండు, గాడిదలు తోలుకొని. ఆ గుట్ట ముక్కు జూస్తే నాకు మంచిగనిపిస్తలేదు, సర్కారు జాగ ఇయ్యకున్న సరే, నా జాగల ఇల్లేసుకో, బిడ్డను తీసుకొని రా అన్నడు. ఆమె రానన్నది. ఎందుకంటే ఇల్లే నా మొగని దగ్గరికి నడుసుకుంట పోతున్నదట, సర్వేసాబ్ కొలిచి చెప్పిండట. నడిమిట్ల నేనెందుకు దిగిపోవాలె అన్నది."

జీవితంలో నేను కోసిన కోతలకు లెక్క లేదు. ఎవరూ వాటి మీద ఇల్లు కట్టుకోలేదు, అప్పటిదాకా.

ఆ రోజే మేడమ్ మమ్మల్ని డేరాలోకి పిలిచింది. పటం మీద ఒక్కో గుర్తు ఎటు, ఎంత కదిలిందో బాణాలుగా గీసి పెట్టింది. గుట్ట మీద ఒక్క బాణమూ లేదు. పల్లె నిండా బాణాలు. అన్నీ ఒకే పొడవు, ఒకే దిక్కు.

ఈ చిక్కు విప్పింది నేనేనని చాలా చోట్ల చెప్పాను. ఆమె విప్పింది. నేను పక్కన బఠానీలు నములుతున్నాను.

"వంతెనా, స్తూపమూ, ఇల్లూ చెయ్యి చెయ్యి పట్టుకుని ఒకే మూర నడుస్తాయా అండీ?" అంది. "కింద రాళ్ల చప్పుడు వస్తుందన్నారు కదా. ఎక్కడ?"

"బండ కాడ" అన్నాడు మానుకోట.

"సరిగ్గా బండ కింద?"

"కిందనే. చెవి పెడితే ఇంక మంచిగ ఇనొస్తది."

"పగలు మంచు కరుగుతుంది. లోపల ఖాళీలో చిన్న రాళ్లు ఊడి పడతాయి. పొద్దు వాలితే ఆగిపోతుంది. అవునా? అయితే కింద ఖాళీ ఉంది, మంచు ఉంది. మరి మీ బండ దేని మీద కూర్చుంది?"

బండ కూర్చున్నది జారే మంచు మీదే. మహబూబాబాద్ స్టేషనులో రైల్లో కూర్చున్నప్పుడు ఎప్పుడైనా గమనించారా? మన రైలు కదిలితే పక్క పట్టాల మీది రైలు వెనక్కి పోతున్నట్టుంటుంది. మేం కదిలే రైల్లో కూర్చుని, ప్లాట్‌ఫారం నడుస్తోందని రాసుకున్నాం. బండ మోగింది, నిజమే. రాయి గట్టిదే. దానికి కాళ్లున్నాయా అని మాత్రం ఎవరూ కొట్టి చూడలేదు. మా బాయిలో కప్పు ఉంటుంది, లేదా కూలుతుంది. అట్లాగే చెక్కుచెదరకుండా, మోగుతూ, మనల్ని నెత్తిన పెట్టుకుని నడిచిపోయే రాయిని మేం ఎరగం.

మర్నాడు తెల్లవారగానే ఏరు దాటాం. అవతలి గట్టున నీళ్లు కోసిన చోట అసలు కొండ బయటపడి ఉంది, లోపలి దాకా ఒకటే రాయి. మానుకోట అలవాటు కొద్దీ కడ్డీ ఎత్తాడు. నా ముఖం చూసి దించాడు. మేడమ్ ఆ రాతి చారలను గట్టు పొడవునా నడిచి చూసి, ఇక్కడ పెట్టండి అంది. యంత్రం అక్కడ నిలబెట్టి, వంతెన అవతలి కొస అదే రాతిలో దిగి ఉంది గనక నిరుటి లెక్కలను దాని మీదుగా ఇక్కడికి మార్చుకున్నాం. పొద్దంతా నేను ఒక్కో గుర్తు దగ్గరికీ నడిచాను. గుట్ట ఎక్కేటప్పుడు ఎప్పుడూ లేనిది, బూట్లు విప్పి నడవాలా అనిపించింది. నిద్రపోయే దాని ఒంటి మీద ఇన్నాళ్లు బూట్లతో తిరిగాం.

పొద్దు గుంకే వేళకు బాణాలు తిరగబడ్డాయి. పల్లె కదల్లేదు. వంతెన, స్తూపం, గడప, ఎక్కడివక్కడే. గుట్ట మొత్తం, మా మోగే బండతో సహా, ఏడాదిలో మూరెడు కిందికి వచ్చింది. ముక్కు దగ్గర రాళ్లు ఒక్కోటిగా విడుతున్నాయి. వాటికి ఎదురుగా ఉన్నది అక్క ఇల్లు.

జనగామ అన్న పటాన్ని తన వైపు తిప్పుకున్నాడు. ఏడాది తిరిగితే ఆయన రిటైరవుతాడు.

"మిషన్ లోపం అని రాద్దాం అన్నా" అన్నాను. "ఎవలడుగుతరు?"

"మిషన్ ఏమంటది పాపం, దానికి నోరు లేకపాయె" అన్నాడు. తన రిపోర్టు తప్పు, ఆధారం పెట్టిన చోటు తప్పు, ఆ చోటు ఒప్పుకున్నది తనే అని రాశాడు. దాన్ని పట్టుకుని ఫోను అందే కనుమ దాకా తనే ఎక్కి వెళ్లాడు. వెళ్తూ నా వైపు చూసి, "ఆమెతోని ఎవడు నవ్వులాటలాడిండో వాడే పోయి చెప్పాలె" అన్నాడు.

నేను ఒక్కణ్ణే వెళ్లానని చెప్తుంటాను. మానుకోట చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

ఆమె వాకిట్లో జున్ను ముక్కలు ఆరబెడుతోంది. కూతురు పక్కన కూర్చుని కాకులను తోలుతోంది. నేను ముందుగా అనుకున్న మాటలన్నీ మర్చిపోయి, "అక్కా, నేను చెప్పింది తప్పు. ఇల్లు ఎక్కడికీ పోలేదు. మేం నిలబడ్డ చోటే కదులుతోంది. కొండ ఇటు వస్తోంది" అన్నాను.

ఆమె గుట్ట వైపు చూసింది.

"అయితే ఇల్లు ఆయన దగ్గరికి పోవడం లేదు."

"లేదక్కా."

"ఆయనే వస్తున్నాడు."

జవాబు చెప్పాల్సింది నేను. అక్కడున్నది మంచూ రాళ్లూ తప్ప మరేం కాదని చెప్పాల్సింది. లేనివి వంద కల్పించే నోటికి ఉన్నది ఒక్కటి చెప్పడం చేతకాలేదు.

మానుకోట ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. వాడి హిందీ సగం తెలుగే. "వస్తుండొచ్చు అక్కా. గని ఒక్కడే వస్తలేడు. కొండెడు రాళ్లు ఏసుకొని వస్తున్నడు. ఆపుదామన్న ఆయన చేతుల లేదు. నువ్వు, బిడ్డ జర పక్కకు జరగాలె. ఆయనకు తొవ్వ ఇడవాలె."

ఆమె జున్ను ముక్కలను తిరగేస్తూ పోయింది. అన్నీ అయిపోయాక, "ఎప్పటికి వస్తాడు?" అంది.

"మెల్లగ వస్తడు. మూరెడు మూరెడు. కానీ ముందుగాల రాళ్లను పంపుతడు."

ఆమె నా వైపు తిరిగింది. "ఈసారి సరిగ్గా కొలిచావా?"

"కొలిచాను" అన్నాను. నా ఉద్యోగం మొత్తంలో నేను ఏమీ కలపకుండా చెప్పిన మాట అదొక్కటే అయి ఉంటుంది.

అధికారుల నుంచి స్థలం కాగితం వచ్చేదాకా ఆమె ఆగలేదు. ఆ వారంలోనే వాళ్ల అన్న గాడిదలతో వచ్చాడు. ఆ ఎత్తులో చెట్టన్నది ఉండదు. ఇల్లు మారేవాళ్లు గోడలు వదిలేసి కర్రంతా మోసుకుపోతారు. మేం నలుగురం సాయం పట్టాం. మేడమ్ కూడా దూలం మోసింది. కప్పు వాసాలు, కిటికీ చట్రం, మెట్ల పలకలు, అన్నీ విప్పి కట్టాం. ఒట్టి గోడల మధ్య మా మాటలు వేరే ఎవరివో మాట్లాడినట్టు వినిపించాయి.

మానుకోట చివరికి తలుపు దగ్గరికి వెళ్లి సీలలు వదులు చేయబోయాడు. ఆమె చేత్తో వద్దంది. వాళ్ల అన్న కోప్పడ్డాడు. అంత వెడల్పు చెక్క మళ్లీ ఎక్కడ దొరుకుతుంది, కొత్తింటికి ఏం బిగిస్తావు అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. గాడిద తాడు పట్టుకుని నడిచింది.

కప్పు లేని ఆ ఇంటికి తలుపు ఒక్కటే మిగిలింది. అది గాలికి కొట్టుకుని మూసుకుపోకుండా అడ్డంగా ఒక రాయి పెట్టి ఉంది. ఆ రాయి నేనే పెట్టానని చెప్తుంటాను. నేను కాదు. ఏరు దాటబోతున్న పిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని, వెనక్కి పరిగెత్తుకొచ్చి పెట్టింది.